శ్రీమతి ‘క’ గారికి న్యాయం

జిల్లాలో ఒక్క వివాదం కూడా మిగలకూడదని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. వివాదాలు మిగలకుండా ఉండాలంటే ముందు అవి దొరకాలి కదా. అందుకని వినియోగదారుల వివాదాల సత్వర పరిష్కార కేంద్రం వారు నెలకు వంద వివాదాలు నమోదు చెయ్యాలనీ, నమోదైన ముప్పై రోజుల్లో వాటిని తేల్చిపారెయ్యాలనీ, అలా మూడు నెలలు చేసి చూపించిన జిల్లాకు ‘వివాద రహిత జిల్లా’ అనే బిరుదూ, ఒక ఇత్తడి తక్కెడా బహూకరిస్తామనీ ఆ ఉత్తర్వులో రాశారు. అంతకుముందు దాఖలైన ఫిర్యాదుల ఊసు అందులో లేదు. లేదు గనుక వాటిని బీరువాలో పెట్టి తాళం వేశారు. వాటిలో కొన్నింటికి అప్పటికే పదిహేనేళ్లు నిండాయి.

కేంద్రానికి పరిష్కారాధికారి త్రిపురాంతకం గారు. చెప్పుకోవాలంటే మంచి మనిషే. లంచం ముట్టరు, ఎవరినీ కసరరు, పదింటికల్లా కుర్చీలో ఉంటారు. నిబంధన ఒప్పుకుంటే ఎవరికి ఏ మేలైనా చేస్తారు. ఒప్పుకోని చోట మాత్రం ఎదురుగా మనిషి మునిగిపోతున్నా, ఈత కొట్టడానికి అనుమతి ఉందా అని ముందు అడుగుతారు.

అలాంటి ఆయన దగ్గరికి పొట్నూరు కామేశం మాస్టారు నూకరత్నాన్ని వెంటబెట్టుకుని వెళ్లడం అది పదకొండోసారి. కామేశం ఊళ్లోని లా కాలేజీలో అపకృత్యాల పాఠం చెబుతాడు. ఒక మనిషి ఇంకో మనిషికి చేసే చెరుపు ఏది, దానికి ఎవరు ఎంత జవాబుదారీ అన్నది ఆ పాఠం. ఇరవై ఏళ్లుగా అదే చెబుతున్నాడు, ఇరవై ఏళ్లుగా ఏటికేడు కాంట్రాక్టు మీదే. పాఠంలో ఉన్న న్యాయం బయట కూడా ఉంటుందని అతనికి గట్టి నమ్మకం. ఆ నమ్మకం లేకపోతే పాఠం చెప్పలేడు గనుక పెట్టుకున్నాడనిపిస్తుంది.

నూకరత్నం ఆ కాలేజీ హాస్టల్లో వంటమనిషి. ఇదివరకు, అని చెప్పాలి. హాస్టలుకు ఇరవై లీటర్ల పెద్ద గ్రైండరు ఒకటి కొన్నారు. మూత ఎత్తగానే రాళ్లు టక్కున ఆగిపోతాయని కంపెనీవారి కాగితం మీద రంగుల బొమ్మతో సహా ఉంది. ఆమె మూత ఎత్తింది, రాళ్లు ఆగలేదు. కుడిచేతి బొటనవేలు మొదలంటా, చూపుడువేలు సగానికీ మినప్పిండిలో కలిసిపోయాయి. చేతికి కట్టుతోనే డీలరు దగ్గరికి వెళ్లి ఈ మిషను వెనక్కి తీసుకోండి బాబూ అంటే, అతను కొట్టడానికి చెయ్యెత్తాడు, భుజం పట్టి మెట్ల మీది నుంచి తోశాడు, ఆమె అరిచేసరికి గొడౌన్లోకి నెట్టి గొళ్లెం పెట్టాడు. తప్పంతా తనదేనని రాసిన కాగితం మీద ఎడమ బొటనవేలి ముద్ర వేశాకే తలుపు తీశాడు. కంపెనీకి ఉత్తరం రాస్తే, ఆ పేరుతో తమ కంపెనీ ఇప్పుడు లేదని మర్యాదగా జవాబు వచ్చింది. కంపెనీ ఉంది. పేరే మారింది.

నూకరత్నం స్థానంలో ఇప్పుడు ఆమె కోడలు పైడితల్లి పనిచేస్తోంది. అదే హాస్టలు, అదే మిషను. మూత ఎత్తితే ఇప్పటికీ ఆగదు. నూకరత్నం అడిగేది ఒక్కటే. ఆ మిషను ఆగాలి, కోడలి వేళ్లు కోడలికి మిగలాలి. పని మానిపిద్దామంటే ఆ జీతమొక్కటే ఇంటికి ఆధారం. వార్డెనును బతిమాలితే, అయిదేళ్లు పనిచెయ్యాల్సిన వస్తువును మధ్యలో మూలన పడేస్తే ఆడిటువాళ్లు తన పీకల మీదికి వస్తారనీ, ఫిర్యాదు నమోదైనట్టు నంబరొకటి తెస్తే ఆ నిమిషంలోనే ఆపేస్తాననీ అన్నాడు.

ఆ నంబరు కోసమే ఈ పదకొండు తిరుగుళ్లు. ఆపరేటరు ఎప్పటిలాగే వేలిముద్రల మిషను ముందుకు జరిపాడు. ఫిర్యాదుదారు కుడి బొటనవేలు పెడితే తప్ప కంప్యూటరులో తరవాతి పేజీ తెరుచుకోదు. నూకరత్నం ఎప్పటిలాగే కుడిచెయ్యి పెట్టింది. వేలు సరిగ్గా పెట్టవలసిందిగా మిషను ఆడగొంతుతో విన్నవించుకుంది.

“ఉంటే పెట్టనా తల్లీ” అంది నూకరత్నం, మిషనుతోనే.

ఎడమది తీసుకోకూడదా అని కామేశం అడిగాడు. నిబంధన కుడి అంటోందన్నారు త్రిపురాంతకం గారు. కంటిపాప చూసే మిషను ఉందటగా అని అడిగాడు. ఉంది, వచ్చింది కూడా, అట్టపెట్టె విప్పడానికి ముగ్గురు సభ్యుల కమిటీ వెయ్యాలి, ఇద్దరే దొరికారు. కామేశానికి ఓపిక చచ్చింది. వేలు లేదని కళ్లెదుట కనిపిస్తోంది కదండీ అన్నాడు.

త్రిపురాంతకం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“సదరు మహిళకు వేలు లేదన్న సంగతి వ్యక్తిగతంగా నాకు కనిపిస్తూనే ఉంది మాస్టారూ. కాని వేలు ఎందుచేత లేదన్నదే ఇక్కడ వివాదం. వివాదం నమోదు కానిదే వేలు పోయిన విషయాన్ని కార్యాలయం గుర్తించజాలదు. గుర్తించనంతవరకు వేలు ఉన్నట్టే. ఉన్న వేలును ఫిర్యాదుదారు ఎందుకు పెట్టడం లేదన్నది ఆమే ఆలోచించుకోవాలి.”

నూకరత్నం తన చేతికేసి ఒకసారి చూసుకుని కొంగు కప్పుకుంది.

ఆ కోపం అతను ఇంటికి తీసుకెళ్లాడు. ఇంట్లో కోపం చూపించడానికి ఎవరూ లేరు, మిడ్‌టర్మ్ పరీక్షకు ప్రశ్నపత్రం తయారు చెయ్యాల్సి ఉంది. కాబట్టి కోపమంతా నాలుగో ప్రశ్నలో పెట్టాడు. ఎవరి కథో పోల్చుకుని డీలరు కాలేజీ మీదికి తగాదాకు వస్తాడేమోనని హాస్టలును హోటలు చేశాడు, కుడిచేతిని ఎడమచెయ్యి చేశాడు, మనుషుల పేర్లు తీసేసి పాఠ్యపుస్తకాల రివాజు ప్రకారం అక్షరాలు పెట్టాడు. అదే తరవాత కొంప ముంచింది.

ప్రశ్న ఇలా ఉంది. ‘క’ అను హోటలు వంటమనిషి, ‘చ’ అను కంపెనీ తయారుచేసిన ‘గ’ అను గ్రైండరు మూత ఎత్తగా, రాళ్లు ఆగక, ఎడమచేతి రెండు వేళ్లు కోల్పోయెను. నిలదీయబోగా ‘ట’ అను డీలరు చెయ్యెత్తి బెదిరించి, మెట్లపై నుండి త్రోసి, గొడౌనులో బంధించెను. ఈ ఊహాత్మక వివాదములో ఉద్దేశపూర్వక అపకృత్యములను గుర్తించుము. ‘చ’కు గల ఉత్పత్తి బాధ్యతను చర్చించుము. ఇరవై మార్కులు.

ఆ నెలాఖరుకు కేంద్రం లెక్క తొంభై తొమ్మిది దగ్గర ఆగిపోయింది. కేంద్రంలో వివాద సేకరణ బృందమని ఒకటి ఉంది. ఇద్దరు జూనియర్ అసిస్టెంట్లు స్కూటరు మీద తిరుగుతూ కుళాయిల దగ్గరా, కిళ్లీకొట్ల దగ్గరా చెవులు రిక్కించి నిలబడి, ఎవరైనా ఏ వస్తువునైనా తిట్టగానే వేలిముద్ర వేయించుకుని నమోదు చేసేవారు. ఏ మాధ్యమం ద్వారా దృష్టికి వచ్చిన వివాదాన్నైనా తమంత తామే స్వీకరించవచ్చని ఉత్తర్వులో ఉంది. కాని రెండు నెలలుగా వీళ్ల స్కూటరు చప్పుడు విని జనం తిట్టడం మానుకున్నారు. వందోది దొరక్క ఆ ఇద్దరూ ఊరంతా గాలించి, చివరికి లా కాలేజీ ఆవరణలో మంచినీళ్లు తాగడానికి ఆగి, పరీక్ష అయ్యాక నోటీసుబోర్డు మీద అతికించిన ప్రశ్నపత్రం చదివారు.

సాయంత్రం అయిదు కాకముందే అది నమోదైంది. పేరు, వృత్తి, వస్తువు, తయారీదారు, విక్రేత, జరిగిన నష్టం, అన్ని గళ్లూ నిండిన ఫిర్యాదు కేంద్రం పుట్టినప్పటి నుంచి అదే మొదటిది. కట్టుకథలు కాబట్టి నిండుగా ఉంటాయని వాళ్లకెవరు చెబుతారు?

మర్నాడు సమాచారదారు హోదాలో హాజరు కావలసిందని కామేశానికి నోటీసు వచ్చింది. అందులో నంబరు చూసి అతను తన కళ్లను తానే నమ్మలేదు. నూకరత్నాన్ని పిలుచుకుని పరుగు పరుగున వెళ్లాడు. ఆమెను వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి తాను లోపలికి వెళితే, త్రిపురాంతకం గారు కుర్చీ చూపించి, టీ తెప్పించి, శ్రీమతి ‘క’ గారు ఎలా ఉన్నారని పరామర్శించారు.

కామేశం ఉన్నదున్నట్టు చెప్పాడు. ‘క’ అని ఎవరూ లేరు, అది పిల్లల చదువు కోసం కల్పించిన ప్రశ్న, ఆ పేపర్లోనే ఊహాత్మకమని అచ్చేసి ఉంది అన్నాడు. త్రిపురాంతకం గారు చిరునవ్వు నవ్వారు. వివాదం ఊహాత్మకమా వాస్తవమా అన్నది విచారణలో తేలాల్సిన విషయం తప్ప నమోదుకు అడ్డం కాదన్నారు. మరి ఆవిడ వేలిముద్ర ఎలా తీసుకున్నారని అడిగాడు కామేశం.

“మీకు తెలియనిదేముంది మాస్టారూ. కంపెనీలు, సంఘాలు, ట్రస్టులు ఇవన్నీ చట్టం దృష్టిలో వ్యక్తులే. కాని వాటికి శరీరం లేదు. శరీరం లేని వ్యక్తులకు పద్నాలుగో నిబంధన కింద వేలిముద్ర మినహాయింపు ఉంది. శ్రీమతి ‘క’ గారికి శరీరం లేదని ఇప్పుడు మీరే వాంగ్మూలం ఇచ్చారు. మా పని సులువైంది.”

కామేశం టీ గ్లాసు కింద పెట్టేశాడు. ఆ కథ నిజంగా జరిగిందని, జరిగిన మనిషి బయట బెంచీ మీదే కూర్చుందని, ఆ నంబరు ఆమె పేరు మీద వేస్తే సరిపోతుందని బతిమాలాడు. త్రిపురాంతకం గారు న్యాయంగా ఉండే మనిషి కాబట్టి లేచి, ఫైలు పట్టుకుని, స్వయంగా వరండాలోకి వచ్చి నూకరత్నం చెయ్యి చూశారు. ఫైలు చూశారు. మళ్లీ చెయ్యి చూశారు. శ్రీమతి ‘క’ గారిది ఎడమచెయ్యి, ఈమెది కుడి. శ్రీమతి ‘క’ గారు హోటలు ఉద్యోగి, ఈమె హాస్టలు. రికార్డుతో ఎక్కడా పొసగడం లేదన్నారు. ఒక బాధితురాలి స్థానంలో మరొకరిని నిలబెట్టడం ఎంత నేరమో న్యాయశాస్త్రం బోధించే మీకు నేను చెప్పాలా అని మెత్తగా మందలించారు కూడా.

ఇంటికి వెళుతూ దారిలో నూకరత్నం, ఆ క అనే ఆవిడ ఎవరు బాబూ, పాపం ఆవిడకీ సేతి ఏళ్లు పోయినాయా అని అడిగింది. కామేశం తల దించుకుని నడిచాడు. సిగ్గుపడ్డాడు. ఆమె కథను తీసుకుని, ఆమెకు కాకుండా చేసింది తనే మరి.

విచారణ రోజున హాలు కిటకిటలాడింది. ‘చ’ కంపెనీకి నోటీసు ఎక్కడికి పంపాలో తెలియక గోడకు అతికించారు. కంపెనీ తరఫున వాదించడానికి నరహరిశెట్టి ప్లీడరును కేంద్రం వారే ఏర్పాటు చేశారు. సాక్షులు లేరన్న బెంగ లేకుండా, పరీక్ష రాసిన అరవై మూడుమంది విద్యార్థుల జవాబుపత్రాలనూ సీలు చేసి తెప్పించారు. వాటిని అక్కడే, అందరి ఎదుటా దిద్దమని కామేశానికి పురమాయించారు. పాసైన జవాబులు వాది తరఫు సాక్ష్యమట, ఫెయిలైనవి ప్రతివాది తరఫువట. కామేశం పుట్టి బుద్ధెరిగాక అంత ఉదారంగా ఎన్నడూ దిద్దలేదు. అరవై మందిని పాస్ చేశాడు. మిగిలిన ముగ్గురూ ఆ ప్రశ్న జోలికి పోకుండా కింద సిఫార్సు కోసం మామయ్యల ఫోన్ నంబర్లు రాసి వదిలేశారు, వాళ్లను ఏమీ చెయ్యలేకపోయాడు.

నరహరిశెట్టి ప్లీడరు గొంతు సవరించుకుని, తన కక్షిదారు అసలు ఉనికిలోనే లేదనీ, లేని కంపెనీ లోపమున్న మిషనును తయారు చెయ్యడం అసంభవమనీ గంటసేపు వాదించాడు. వాదన బాగుంది. త్రిపురాంతకం గారు మాత్రం చలించలేదు.

“లేకపోవడాన్ని బాధ్యత తప్పించుకునే సాకుగా అనుమతిస్తే రేపు ప్రతి కంపెనీ ఇదే పాట పాడుతుంది. లేకపోవడం మీ కక్షిదారు సొంత వ్యవహారం. దాని భారం ఒక వంటమనిషి మీద వెయ్యడానికి ఈ కేంద్రం ఒప్పుకోదు.”

హాలంతా చప్పట్లు కొట్టింది. బెంచీ చివర కూర్చున్న నూకరత్నం కూడా అందరితోపాటు కొట్టింది. ఆమె చప్పట్లకు పెద్దగా చప్పుడు రాలేదు.

ఇరవై ఆరో రోజున తీర్పు వచ్చింది. చెయ్యెత్తి భయపెట్టడం ఒక అపకృత్యం, పట్టుకుని తొయ్యడం రెండోది, గొళ్లెం పెట్టడం మూడోది, మూడూ తెలిసి తెలిసి చేసినవే కాబట్టి ‘ట’ డీలరుకు క్షమార్హత లేదు. మూత ఎత్తితే ఆగుతుందని చెప్పి ఆగని మిషను అమ్మినవాడు, తన అజాగ్రత్త ఉన్నా లేకపోయినా, నష్టానికి పూచీపడక తప్పదు. వంటమనిషి చెయ్యి అక్కడెందుకు పెట్టిందని అడిగే హక్కు కంపెనీకి లేదు, పిండి రుబ్బేవాళ్ల చెయ్యి పిండి దగ్గర కాక ఎక్కడుంటుంది? ‘గ’ గ్రైండరును జిల్లాలో తక్షణం ఆపివెయ్యాలి. కామేశం ఆ తీర్పు నిలబడి చదివాడు. ఇరవైకి పద్దెనిమిది మార్కులు వెయ్యదగ్గ తీర్పు. ఇరవై ఏళ్లుగా తను చెప్పిన పాఠమంతా అందులో అక్షరం పొల్లుపోకుండా ఉంది. అతనికి ఏడుపొచ్చింది.

ఏడుపు దిగమింగుకుని తీర్పు నకలు ఒకటి సంపాదించి వార్డెను చేతిలో పెట్టాడు. వార్డెను దాన్ని రెండువైపులా తిప్పి చదివి, తీర్పు ‘గ’ గ్రైండరును ఆపమంటోంది, మా గ్రైండరు మీద వేరే పేరుంది, లేని అధికారంతో నేను దాన్ని ఆపితే రేపు పిల్లలకు ఇడ్లీ ఎవరు పెడతారని అడిగాడు. పైడితల్లి ఆ పక్కనే నిలబడి పప్పు కడుగుతూ ఇదంతా వింది. చీర చెంగు బొడ్లో ఇంకాస్త గట్టిగా దోపుకుంది.

ఇక తీర్పు అమలు మిగిలింది. ‘గ’ గ్రైండరును స్వాధీనం చేసుకుని ధ్వంసం చెయ్యాలి. ప్రశ్నపత్రంలో కొలతలు లేకపోవడం కొంత ఇబ్బంది పెట్టింది గాని, వినాయక విగ్రహాలు చేసే ఆయన చేత థర్మకోలుతో గ్రైండరు చేయించి, వెండిరంగు పూయించి, దాన్ని కేంద్రం ముందు పదిమంది ఎదుటా సుత్తితో పొడిపొడి చేశారు. ఫొటోలు పేపర్లో వచ్చాయి. శ్రీమతి ‘క’ గారికి ఉపశమనంగా ఎడమచేతికి సరిపడే రబ్బరు వేళ్లు రెండు తెప్పించి, ఆమె వచ్చి తీసుకెళ్లేదాకా ఆఫీసులో గాజుపెట్టెలో పెట్టారు. నూకరత్నం వేలిముద్ర వెయ్యడానికి పన్నెండోసారి వెళ్లినప్పుడు ఆ పెట్టె ముందు చాలాసేపు నిలబడింది. గోళ్లకు రంగు కూడా వేశారు బాబూ అని కామేశంతో చెప్పింది. ఆ పన్నెండోసారి కూడా మిషను, వేలు సరిగ్గా పెట్టమనే అడిగింది.

మూడో నెల నిండింది. జిల్లాకు బిరుదు వచ్చింది. ఇత్తడి తక్కెడ అందుకునే సభకు ఊళ్లో అంత పెద్ద హాలు ఇంకోటి లేదని లా కాలేజీ హాస్టలు భోజనశాలలోనే ఏర్పాట్లు చేశారు. మూడు వందల మందికి పొద్దుటి ఫలహారం, ఇడ్లీ, గారె. తెల్లారగట్ల నుంచి వంటింట్లో గ్రైండరు ఆగకుండా తిరుగుతోంది. కోడలికి సాయంగా నూకరత్నం కూడా వచ్చి, ఎడమచేత్తో అల్లం చెక్కు తీస్తూ కూర్చుంది. ఆ కళ్లు మాత్రం అల్లం మీద లేవు.

వేదిక మీద త్రిపురాంతకం గారు మాట్లాడుతున్నారు. శ్రీమతి ‘క’ గారి వ్యాజ్యం ఈ దేశానికే మార్గదర్శకమని, సదరు తీర్పు దరిమిలా ఈ జిల్లాలో గ్రైండరు వల్ల ఏ స్త్రీకీ ఆపద లేదని సగర్వంగా ప్రకటిస్తున్నానని అన్నారు. ముందు వరుసలో కామేశం కూర్చున్నాడు. సమాచారదారుగా అతనికి శాలువా కప్పారు. అది తీసెయ్యడానికి మనసొప్పక కాదు, ధైర్యం చాలక అలాగే ఉంచుకున్నాడు. వచ్చే నెలలో కాంట్రాక్టు పొడిగించాలి.

గారెలు చాలడం లేదని వార్డెను వంటింట్లోకి వచ్చి తొందరపెట్టాడు. పైడితల్లి మూత ఎత్తి, అంచుకు ఎగబాకిన పిండిని లోపలికి తోయబోయింది. రాయి ఆమె చేతిగాజును అందుకుని లాగింది. గాజు పుటుక్కున విరిగింది కాబట్టి చెయ్యి బయటికి వచ్చింది. మణికట్టు చుట్టూ తోలు లేచిపోయి నెత్తురు చిమ్మింది. మట్టిగాజులు కాక ఆ పొద్దున బంగారుపూత గాజు వేసుకుని ఉంటే ఆ చెయ్యి ఉండేది కాదు. పైడితల్లి ఆ చేతిని కడుపుకు అదుముకుని గోడకు ఆనుకుంది. వార్డెను, ఏం కాలేదు ఏం కాలేదు, గుడ్డ చుట్టుకుని పని కానివ్వు అన్నాడు.

నూకరత్నం లేచింది. ముందు స్విచ్చి కట్టేసింది. కోడలి చేతికి తన కొంగు చింపి కట్టింది. ఆమెను వాకిట్లో కూర్చోబెట్టి మళ్లీ లోపలికి వచ్చింది. మూలనున్న కట్టెలు కొట్టే గొడ్డలి ఎడమచేత్తో తీసుకుని, కుడిచేతి మూడు వేళ్లూ ఆనించి పట్టు కుదిరేదాకా రెండుసార్లు సవరించుకుంది. అప్పుడు కొట్టింది. మొదటి దెబ్బకు మోటారు డొప్ప ఊడింది. నాలుగో దెబ్బకు రాళ్ల ఇరుసు వంగింది. ఆరో దెబ్బ చప్పుడుకు వేదిక మీద ఉపన్యాసం ఆగిపోయింది.

అధికారులంతా వంటింటి గుమ్మం దగ్గర గుమిగూడారు. వార్డెను లబోదిబోమని, ప్రభుత్వ సొత్తు, ప్రభుత్వ సొత్తు అంటూ ఫిర్యాదు చేశాడు. అతనికి కుడి బొటనవేలు ఉంది. ఆపరేటరు వేలిముద్రల మిషను పట్టుకొచ్చాడు, ముద్ర పడింది, పేజీ తెరుచుకుంది. మరి ప్రతివాది వేలిముద్రో అని ఆపరేటరు అడిగితే, ప్రతివాదికి అక్కర్లేదన్నారు త్రిపురాంతకం గారు. అడిగేవాళ్లు మనుషులని రుజువు కావాలి గాని, అడిగించుకునేవాళ్లకు ఆ రుజువు దేనికి అన్నారు. మొత్తం తొమ్మిది నిమిషాల్లో నంబరు వచ్చేసింది. ఆ ఆఫీసు చుట్టూ తిరిగిన రెండేళ్లలో మొదటిసారి ఆ కంప్యూటరులో నూకరత్నం అనే పేరు ఎక్కింది.

కామేశం జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. శాలువా ఎక్కడో జారిపోయింది. నూకరత్నం పక్కకు చేరి, చెయ్యి జారిందని చెప్పు, కోడలి నెత్తురు చూసి ఒళ్లు తెలియలేదని చెప్పు, అలా అయితే ఉద్దేశం లేదని నేను వాదిస్తానని గొణిగాడు. ఆమె అతని కేసి జాలిగా చూసింది.

“సెయ్యి జారలేదు మాస్టారూ. సూసి మరీ కొట్టినాను. అలాగే రాసుకోమనండి.”

త్రిపురాంతకం గారు అలాగే రాయించారు. ఉద్దేశపూర్వకంగా అన్న మాట కింద గీత కూడా గీయించారు. ఆ తరవాత నిబంధన ప్రకారం వివాదాస్పద వస్తువును స్వాధీనపరచుకున్నారు. గ్రైండరుకు తెల్లగుడ్డ చుట్టి, పురికొస కట్టి, మూడుచోట్ల లక్క కరిగించి సీలు వేశారు. వివాదం పరిష్కారమయ్యే వరకు ఎవరూ దాన్ని తాకరాదు, బాగుచేయించరాదు, అటువంటి వస్తువు మరొకటి ఆ వంటింట్లో పెట్టరాదు అని ఒక కాగితం రాసి దాని మీద అతికించారు. సంతకం త్రిపురాంతకం గారిదే. వార్డెను రెండో సంతకం పెట్టాడు. అయితే ఇది ముప్పై రోజుల్లో తేలిపోతుందా అని అతను ఆత్రంగా అడిగాడు. నెలకు వంద వివాదాల ఉద్యమం నిన్నటితో ముగిసిందనీ, ఇకపై నమోదయ్యేవన్నీ మామూలు పద్ధతిలో బీరువాలోకి వెళతాయనీ త్రిపురాంతకం గారు వివరించారు.

అందరూ మళ్లీ సభలోకి వెళ్లిపోయారు. ఇడ్లీలే వడ్డించమని ఎవరో కేకేశారు. నూకరత్నం వాకిట్లో కోడలి పక్కన కూలబడి, ఆమె చేతిని తన ఒళ్లో పెట్టుకుని, వేళ్లు ఒక్కొక్కటీ వంచి చాచి చూసింది. అయిదూ కదిలాయి.

“ఈ కేసు ఎన్నాళ్లు నడుస్తాది బాబూ?” అని అడిగింది.

కామేశం బీరువాను తలుచుకుని లెక్క కట్టాడు. పదిహేనేళ్లకు తక్కువ కాదన్నాడు.

“సాలు” అంది నూకరత్నం. “అప్పటికి దీనికి వంట సేసే వయసు దాటిపోద్ది.”